పద్నాలుగు వాకిళ్ల సిలువ మార్గం

కామారెడ్డి బస్టాండులో దిగేసరికి ఉదయం ఎనిమిది కావస్తోంది. 2025 సెప్టెంబరు 14, ఆదివారం. వరద వచ్చి అప్పటికి పద్దెనిమిది రోజులు. ఆగస్టు 27న, సరిగ్గా వినాయక చవితి నాడు, మండపాల్లో విగ్రహాలు నిలబెట్టే పూటే ఈ జిల్లా మీద ఆకాశం విరుచుకుపడింది. రాజంపేట మండలం అర్గొండలో 40 సెంటీమీటర్లు దాటి కురిసింది. భిక్కనూరు, తలమడ్ల మధ్య రైలు కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. పట్టణంలో జీఆర్ కాలనీ మునిగింది. ఇవన్నీ పేపర్లలో చదివాను. చదివినప్పుడు కనిపించనిది బస్టాండు నుంచి నాలుగడుగులు వేయగానే కనిపించింది: ఇళ్ల ముందు తాళ్ల మీద ఆరేసిన పరుపులు, పుస్తకాలు, పట్టాదారు పాసుబుక్కులు.

ఆ రోజు కతోలికులకు పవిత్ర సిలువ విజయోత్సవం. ఎల్లారెడ్డి దగ్గర ఒక పల్లెలో, మునిగిన ఇళ్ల ముందు సిలువ మార్గం చేస్తున్నారని తెలిసి బయల్దేరాను. ఊరి పేరు రాయొద్దని అక్కడివాళ్లు అడిగారు. రాయను. మనుషుల పేర్లూ రాయను.

బస్సు తాడ్వాయి, లింగంపేట మీదుగా వెళ్లింది. కల్వర్టులు తెగినచోట మట్టి పోసి చదును చేశారు. అక్కడికి రాగానే డ్రైవరు బస్సును నడకకు దించుతున్నాడు. ఒకవైపు ఈనిక మీదున్న వరి నిగనిగలాడుతుంటే, వాగు పక్క మడులన్నీ తెల్లటి ఇసుక తిన్నెలు. దక్షిణాన పోచారం. 1922లో పూర్తయిన ఆ పాత ఆనకట్ట మీదుగా నీళ్లు పొర్లిన రాత్రి, అది తెగుతుందన్న భయంతో కింది ఊళ్లను ఖాళీ చేయించారు. తెగలేదు. పక్క సీట్లో కూర్చున్న పెద్దాయన ఆ మాట చెప్పి, ఎవరికో దండం పెట్టినట్టు కిటికీలోంచి చేయి ఎత్తాడు.

ఈ ప్రాంతంలో క్రైస్తవులంటే జనానికి ముందు గుర్తొచ్చేది మెదక్ చర్చి. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగిన ఆ మహామందిరం సీఎస్ఐ వారిది. కరువు రోజుల్లో దాన్ని కట్టిన కూలీల మనవలు, మునిమనవలు ఈ చుట్టుపక్కల ఇంకా ఉన్నారు. కతోలికులు ఇక్కడ తక్కువ. పల్లెకు పది ఇళ్లుంటే ఎక్కువే. హైదరాబాద్ అగ్రపీఠం కిందికి వస్తారు. ఆ అగ్రపీఠానికి పెద్ద అయిన పూల ఆంథోని గారు 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. తెలుగువారిలో మొదటి కార్డినల్, దళితుల్లోనూ మొదటి కార్డినల్. నేను వెళ్లిన ఊళ్లో గుడి తలుపు పక్కన ఆయన ఫోటో ఉంది, చట్రంలో నీళ్లు దూరి సగం చెరిగిపోయి. “కొత్తది తేవాలె” అన్నాడు అక్కడ ప్రార్థనలు నడిపే ఉపదేశి. “ఆయన మావోడు గదా.” ఆ ‘మావోడు’ అన్న మాటలో మతం ఒక్కటే లేదు.

గుడి అంటే రేకుల కప్పు వేసిన ఒక పొడవాటి గది. నడుము ఎత్తున గోడల చుట్టూ బురద గీత. సున్నం ఇంకా వేయలేదు. వేయడానికి చేయి ఆడలేదో, మనసు ఒప్పలేదో తెలియదు. యేసు సిలువ మోసిన దారిలోని పద్నాలుగు స్థలాల పటాలు కాగితం మీద అచ్చువేసి అద్దాలు బిగించినవి. అన్నీ పోయాయి. నెలకొకసారి ఫాదర్ గారు వచ్చి పూజ చేస్తారు. మిగతా ఆదివారాలు ప్రార్థన నడిపేది ఉపదేశే. వయసు అరవై పైన, పొద్దంతా వ్యవసాయ కూలి. పటాలు పోయాయని అతను ఆగలేదు. కూలిన తన పెంకుటింటి వాసాలు కోసి, పద్నాలుగు సిలువలు చేశాడు. జానెడంత సిలువలు, ఒక్కోటి ఒక్కో వంకర.

నిజానికి కతోలిక శ్రీసభ నియమం కూడా ఇదే. సిలువ మార్గానికి కావలసింది పద్నాలుగు సిలువలు. బొమ్మలు ఆనవాయితీగా చేర్చుకునేవి మాత్రమే. యెరూషలేము వెళ్లలేని వాళ్ల కోసం ఫ్రాన్సిస్కన్ సన్యాసులు ఊరూరా పాకించిన ఈ భక్తికి 1731లో పన్నెండవ క్లెమెంట్ పోపు పద్నాలుగు స్థలాలని లెక్క ఖాయం చేశారు. ఈ సంగతి ఉపదేశికి చెబితే కాసేపు ఆలోచించి, “అంటే నేను తప్పు జెయ్యలే” అన్నాడు. ఆయన మొహంలో వచ్చిన నెమ్మదిని మాటల్లో పెట్టలేను.

పదకొండు గంటలకు పూజ మొదలైంది. ఆ రోజు చదివే మొదటి పఠనం సంఖ్యాకాండంలోది. ఎడారిలో పాము కాట్లకు జనం చచ్చిపోతుంటే మోషే కంచు పాముని చేసి కర్ర మీద ఎత్తడం, దాని వైపు చూసినవాళ్లు బతకడం. చదువుతున్నది ఇంటరు పిల్ల. ‘పాములు’ అన్న చోట జనంలో కదలిక. నీళ్లు తీశాక ఈ గుడి మూలన రెండు పాములు దొరికాయట.

ఫాదర్ గారు ప్రసంగం అని విడిగా ఏమీ చేయలేదు. జనం మధ్యకు వచ్చి నిలబడి, “కాటేసిన దాన్నే తలెత్తి చూడమన్నాడు దేవుడు. తల తిప్పుకోమనలే. మరి మనల్ని ఏం కాటేసిందో చెప్పండి” అన్నారు. ఎవరూ మాట్లాడలేదు. చాలాసేపు. తర్వాత వెనక నుంచి ఒక ఆడమనిషి గొంతు: “నీళ్లు.” ఇంకొకరు: “ఇసుక.” ఇంకొకరు: “అప్పు.” ఒక ముసలామె, “భయం బిడ్డా. వాన చప్పుడైతే నిద్ర పడుతలేదు” అంది. ఆ మాటకు చాలా తలలు ఊగాయి. అందరికీ ఉన్నదే. పద్దెనిమిది రోజులుగా ఎవరి ఇంట్లో వాళ్లు దాచుకున్నది. ఫాదర్ గారు బలిపీఠం వెనక ఉన్న పెద్ద సిలువను చూపించి ఇంకేమీ అనలేదు.

నాకు అర్థమైనంతలో ఈ పండుగ సారం ఇదే. చరిత్రలో దీని మూలం 335లో, యెరూషలేములో పవిత్ర సమాధి మందిరం ప్రతిష్ఠ జరిగిన రోజుల్లో ఉంది. హెలీనా రాణి సిలువను వెదికించిన సంప్రదాయం, 614లో పర్షియన్లు దాన్ని పట్టుకుపోవడం, హెరాక్లియస్ చక్రవర్తి తిరిగి తేవడం అన్నీ ఆ తేదీకి తోడయ్యాయి. కానీ ఆ రేకుల గదిలో రాజులెవరూ గుర్తుకు రాలేదు. గాయాన్ని పైకెత్తి అందరూ చూసేలా పెట్టడమే కనిపించింది.

సాయంత్రం నాలుగున్నరకు సిలువ మార్గం. ఊళ్లో కతోలిక ఇళ్లు తొమ్మిది. స్థలాలు పద్నాలుగు. మిగతా అయిదింటికి ఏం చేశారని అడిగాను. “అడిగినం. వద్దన్నోళ్లు లేరు” అన్నాడు ఉపదేశి. ఆ వాడలో మునిగిన ఇళ్లన్నీ పక్కపక్కనే. మూడు హిందువులవి, రెండు ముస్లింలవి. ఒక్కో ఇంటి ముందు ఒక్కో వాసపు సిలువను గోడకు ఆనించి పెట్టారు. గుడిలోని పెద్ద సిలువను ఒక వాకిలి నుంచి ఇంకో వాకిలికి ఆ ఇంటివాళ్లే మోయాలి. అదీ ఏర్పాటు.

నాలుగో స్థలం, యేసు తల్లిని కలుసుకునే చోటు, ఒక గల్ఫ్ తల్లి ఇంటి ముందు వచ్చింది. కావాలని పెట్టారో, వరుసలో అలా కుదిరిందో నేనడగలేదు. ఈ జిల్లాలో గల్ఫ్‌కు మనిషిని పంపని వాడ దొరకడం కష్టం. ఆమె కొడుకు ఏడేళ్లుగా అక్కడే. వరద రాత్రి ఆమె పక్కింటి డాబా మీద గడిపింది. ఫోను నీళ్లలో పోయింది. రెండు రోజులు కొడుక్కి తల్లి బతికి ఉందో లేదో తెలియదు. మూడో రోజు ఎవరి ఫోనులోనో కలిస్తే అతను ఏమీ మాట్లాడకుండా ఏడ్చాడట. “గంత పెద్ద మొగోడు. పది నిమిషాలు ఏడ్సిండు. నేను నవ్వుకుంట, నేను మంచిగున్న నాన్నా అన్న. ఫోను పెట్టినంక నేను ఏడ్సిన.” ఇది ఆమె నాకు విడిగా చెప్పింది కాదు. అందరి ముందూ, సిలువను పట్టుకుని చెప్పింది. చదవాల్సిన ప్రార్థన చదవడం ఆమెకు రాలేదు. ఆడవాళ్లు నలుగురు వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఇంటరు పిల్ల చదివింది. మర్నాడు వ్యాకులమాత పండుగ. అదే రోజు రోములో, జూబిలీ సంవత్సరంలో భాగంగా, దుఃఖంలో ఉన్నవాళ్ల కోసం ఓదార్పు జూబిలీ జరగబోతోంది. ఇక్కడ ఒక రోజు ముందే జరిగింది.

అయిదో స్థలం దగ్గర జనం ఎక్కువసేపు ఆగిపోయారు. అది ఒక కౌలు రైతు ఇల్లు. రెండెకరాలు కౌలుకు చేస్తాడు. వాగు తిరగబడి మడంతా ఇసుక మేటలు వేసింది. పాసుబుక్కు భూమి గలాయన పేరు మీద ఉంది, కాబట్టి నష్టం రాసుకునేటప్పుడు ఇతని పేరు ఎక్కడా ఎక్కదు. పెట్టుబడి మాత్రం ఇతనిది. రెండు వారాలుగా మనిషి మాట్లాడటం మానేశాడని, రాత్రిళ్లు పొలం గట్టు మీదే కూర్చుంటున్నాడని భార్య ఫాదర్ గారికి ముందే చెప్పిందట. ఆయనతో పాటు వచ్చిన సిస్టరమ్మ నర్సు. ఆమె పొద్దున్నే ఆ ఇంటికి వెళ్లి గంటసేపు కూర్చుని, అతన్ని కామారెడ్డిలో డాక్టరుకు చూపించడానికి ఒప్పించింది.

అతను వాకిట్లోకి వచ్చాడు కానీ సిలువను ముట్టుకోలేదు. సిరేనియా సీమోను కథ ఉపదేశి చదివాడు. పొలం నుంచి ఇంటికి పోతున్న ఒక మనిషిని బలవంతంగా ఆపి సిలువ మోయించడం. చదివాక పుస్తకం మూసి, “వాడు కూడా రైతే గావచ్చు. పొలం కాడికెళ్లి వస్తుండు గదా” అన్నాడు. ఎన్నిసార్లు విన్నానో ఆ కథ. ఆ మాట నాకెప్పుడూ తట్టలేదు. రైతు తలెత్తి, “గంత ఇసుక ఒక్కణ్ని ఎట్ల దీస్తనే?” అన్నాడు. ప్రార్థనకు ఇచ్చే జవాబు కాదది. కానీ ఆ సాయంత్రం అక్కడ పలికిన మాటల్లో అంతకన్నా నిజమైన ప్రార్థన నేను వినలేదు. ఎదురింటి ముస్లిం కుర్రాడు, ట్రాక్టరు నడిపేవాడు, గోడ మీంచే అన్నాడు: “డీజిల్ పోయించుర్రి అన్నా, బండి నేను తెస్త.” అక్కడికక్కడ డబ్బులు పోగయ్యాయి. యాభైలు, వందలు. అప్పుడు రైతు సిలువకు ఒక చేయి వేశాడు. రెండో వైపు ట్రాక్టరు కుర్రాడి నాయన పట్టుకున్నాడు.

ఆరో వాకిలి బీడీలు చుట్టే ఒక హిందూ అక్కది. వాకిలి ఊడ్చి, సాంపి చల్లి ముగ్గేసింది. తునికాకు కట్టలు నానిపోయి కుళ్లిన వాసన ఇంకా ఇంట్లో ఉంది. వెరోనిక యేసు మొహం తుడిచిన స్థలం అదని ఆమెకు ఎవరూ చెప్పినట్టు లేదు. అందరికీ చెంబుతో నీళ్లు ఇచ్చి, సిలువ మోసుకొచ్చిన రైతుకు తన కొంగు చాపి, “చెమట తుడుచుకో తమ్మీ” అంది.

మిగతా స్థలాలు త్వరగా గడిచాయి. పొద్దు వాలుతోంది. చివరి వాకిలి గుడి గుమ్మం పక్కనే.

లోపల ముగ్గురు పెద్దవాళ్లకు వ్యాధిగ్రస్తుల అభ్యంగనం ఇచ్చారు. చావు దగ్గర పడ్డవాళ్లకే ఆ నూనె అన్న పాత భయం ఊళ్లలో ఇంకా ఉంది. 1972లో ఆరవ పౌలు పోపు ఆ కర్మను సంస్కరించాక అది తీవ్రమైన జబ్బుతోనో, ముసలితనంతోనో బలహీనపడ్డ వాళ్లందరిదీ. ఒక తాత నుదుటి మీద, అరచేతుల మీద నూనె రాసి, ఫాదర్ గారు అదే గొంతుతో అడిగారు: “బీపీ గోలీలు ఏసుకుంటున్నవా తాతా?” వరదలో డబ్బా పోయిందన్నాడు తాత. సిస్టరమ్మ సంచిలోంచి కొత్త చీటీ, మాత్రలు తీసింది.

దీన్ని ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. స్వస్థత పేరుతో మైకులు పెట్టి, మందులు మానేయమని చెప్పే సభలు మన పల్లెల్లో చూశాను. మా బంధువుల్లోనే ఒకామె అలాంటి మాట నమ్మి ఇన్సులిన్ మానేసింది, కాలు పోగొట్టుకుంది. స్వస్థత ప్రార్థనల గురించి వాటికన్ జారీ చేసిన సూచన పత్రం తేదీ 2000 సెప్టెంబరు 14. ఇదే సిలువ పండుగ. ఉద్రేకం, ప్రదర్శన వద్దని, మందుల సహాయం తీసుకోవడం ప్రార్థనకు విరుద్ధం కాదని అందులో స్పష్టంగా ఉంది. ప్రతి గుడి గోడ మీద అతికించదగ్గ మాట అది.

చీకటి పడ్డాక నన్ను ఎల్లారెడ్డి దాకా బండి మీద దింపింది ఆ ట్రాక్టరు కుర్రాడే. దారిలో వాన చినుకులు మొదలయ్యాయి. ఊరివైపు ఒకసారి వెనక్కి చూశాడు. ఏమీ అనలేదు.

అక్టోబరులో, బతుకమ్మ, దసరా వెళ్లాక, ఉపదేశి ఫోను చేశాడు. రైతు డాక్టరు దగ్గరికి రెండుసార్లు వెళ్లొచ్చాడు, మందులు వాడుతున్నాడు. గుడికి సున్నం వేశారు. ఇసుక ఎకరన్నర దాకా తీశారు. అర ఎకరం మిగిలింది. యాసంగి నాట్లకు ముందు దాన్నీ తీస్తామన్నాడు.