మానేభంజ్యాంగు పాతబండ్లు

డార్జిలింగు యాత్ర చేసిన మన ఆంధ్ర సోదరీమణులు టైగరు హిల్లుమీది సూర్యోదయమును, లోయలనిండ పరచుకొన్న తేయాకు తోటలను, ఆవిరి యంత్రము లాగెడు చిన్న రైలును చూచి సంతసించి మరలి వత్తురు. ఆ పట్టణమునకు 30 కిలోమీటర్ల లోపుననే, నేపాళ దేశపు సరిహద్దు నానుకొని, మానేభంజ్యాంగు అను చిన్న యూరు కలదు. సందక్‌ఫూ శిఖరమునకు పోవు యాత్రికులు అచట బండి కుదుర్చుకొని, తేనీరు త్రాగి, ముందునకు సాగుదురే కాని ఆ యూరిని చూచుటకై నిలువరు. నిలిచి చూచినచో నొక వింత కనబడును. 1950 నాటి దశాబ్దములో ఇంగ్లండున తయారైన ల్యాండ్ రోవరు మోటారుబండ్లు, అన్యదేశములలో ప్రదర్శనశాలల కెక్కినట్టివి, ఇచట సుమారు 40 వఱకు ఇండ్ల ముంగిళ్లలో నిలిచి, నేటికిని కొండ నెక్కి దిగుచున్నవి. వానిని ఇన్నియేండ్లు బ్రతికించిన సేవ యెట్టిదో తెలిసికొనుట మన గృహిణులకును ప్రయోజనకరమని తలంచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మన ప్రాంతమునుండి పోవువారు హౌరామీదుగా న్యూ జల్పాయిగురి చేరి, సిలిగురినుండి కొండదారి పట్టవలెను. సుమారు 7,400 అడుగుల యెత్తుననున్న ఘూమ్ దాటి, సుఖియా పోఖరి మీదుగా కొంత దిగినచో మానేభంజ్యాంగు వచ్చును. భంజ్యాంగు అనగా నేపాలీ భాషలో కనుమ. ఊరు 6,000 అడుగులకు పైబడిన యెత్తున నున్నది. అచటినుండి సందక్‌ఫూ సుమారు 31 కిలోమీటర్ల దూరము. దాని యెత్తు 11,930 అడుగులు. పశ్చిమ వంగదేశమున నింతకన్న నెత్తయిన చోటు లేదు. ఈ కొద్ది దూరములో బండి 5,000 అడుగులకు మించి యెక్కవలసి యున్నది. దారి సింగలీలా వనమునుండి, సరిహద్దు వెంబడి, ఒకప్పుడు భారతదేశమునను మఱియొకప్పుడు నేపాళమునను పోవుచుండును. చిత్రే, మేఘ్మా, గైరీబాస్, కాలిపోఖరి మొదలగు పల్లెలు దారిలో తగులును. చిరకాలము ఆ దారి గుండ్రాళ్లు పేర్చిన మెట్లవరుసవలె నుండెను. ఇటీవలి సంవత్సరములలో కొంతభాగమునకు కాంక్రీటు వేసినారు.

ఈ బండ్లు ఆ కొండలకు వచ్చిన కథ కొంచెము చెప్పవలెను. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట ఇంగ్లండులో ఉక్కు దొరకుట కష్టమయ్యెను. విమానములకై సేకరించిన అల్యూమినియము మాత్రము నిలువ యుండెను. రోవరు కంపెనీవారు బలమైన ఉక్కు చట్రముమీద అల్యూమినియపు రేకుతో ఒడలు కట్టి, నాలుగు చక్రములకును ఇంజను బలము నందించు వ్యవసాయపు బండి నొకదానిని తయారుచేసి, 1948లో ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనములో లోకమునకు చూపిరి. డార్జిలింగు తేయాకు తోటల ఆంగ్లేయ యజమానులు అట్టి బండ్లను తెప్పించుకొనిరి. వారు దేశము విడిచి పోవునపుడు బండ్లు స్థానికుల చేతికి వచ్చెను. తండ్రి చేతినుండి కొడుకు చేతికి, కొడుకునుండి మనుమనికి పొలమువలెనే బండియు సంక్రమించినది. ఆ బండిని పుట్టించిన కంపెనీయే 2008లో మన దేశపు టాటావారి స్వాధీనమగుట కాలముయొక్క చిత్రము.

అవి యింతకాలము నిలుచుటకు మొదటి కారణము వాని కట్టుబడిలోనే యున్నది. మన వంటయింటి అల్యూమినియపు గిన్నె ఇనుప మూకుడువలె తుప్పుపట్టదు గదా! ఈ బండ్ల రేకును అట్టిదే. సొట్ట పడినచో సుత్తితో సరిచేయవచ్చును. అయినను క్రింది చట్రము ఉక్కుది. బురద అంటి తడిగా నిలిచినచో అది తుప్పు తినును. అల్యూమినియము ఉక్కుతో తగిలినచోట తడి చేరినను చెఱుపే. కావున వర్షకాలమున కొండ దిగినవెంటనే క్రిందిభాగమును నీటితో కడిగి ఆరబెట్టుట అచటివారికి నిత్యకర్మము. రెండవ కారణము, ప్రతిభాగమును కంటికి కనబడునట్లును చేతికి అందునట్లును ఉండుట. నేటి కొత్త కార్లలోవలె కంప్యూటరు పెట్టెలు వీనిలో లేవు. కొన్ని పానాలు, ఒక జాకీ, ఒక సుత్తి ఉన్నచో చాలభాగము ఇంటిముంగిటనే విప్పి బిగింపవచ్చును.

తెల్లవాఱకముందే ఆ ముంగిళ్లలో పని యారంభమగును. మొట్టమొదట బండి నిలిచియున్న నేలను చూతురు. రాత్రి కాఱిన చుక్క నల్లగానున్నచో ఇంజను నూనె, చిక్కగా నుండి ఘాటైన వాసన వేయుచున్నచో గేరు నూనె. చక్రము లోపలివైపున తడి కనబడినచో అది బ్రేకు నూనె కావచ్చును గనుక ఆ దినము బండి కదలరాదు. పిమ్మట ఇంజనులోని నూనెమట్టమును పుల్లతో కొలుతురు; రేడియేటరులో నీరు పోయుదురు; చక్రముల మరలను ఒక్కొక్కటిగా బిగించి చూతురు. ఇంజను బలమును చక్రములకు చేర్చు కడ్డీల కీళ్లలో గ్రీజు ఎక్కింతురు. రాళ్లమీద ప్రతిక్షణమును అదురుచున్న బండిలో మర వదులగుట సహజము. వదులైన మర పడిపోవుటకు ఒక్క ప్రయాణము చాలును.

ఈ దారిలో తఱచుగా విఱుగునవి కమాను పట్టీలు. ఉక్కుపట్టీలు కొన్నిటిని ఒకదానిమీద నొకటి పేర్చి కట్టిన ఈ కమానులే బండి బరువును మోయును. నడిదారిలో పట్టీ విఱిగినచో చెక్కను జతపఱచి త్రాటితో బిగించి ఎట్లో ఊరు చేరుదురు. ఇంటికి వచ్చిన తరువాత విఱిగినదానిని తీసివేసి మఱియొకటి వేయుదురే కాని అతికి వాడరు. కమాను ఉక్కునకు పదును పెట్టుటచే సాగి మరల యథాస్థితికి వచ్చు గుణము కలిగినది. వెల్డింగు మంట తగిలినచోట ఆ పదును పోయి పట్టీ మరల అచ్చటనే విఱుగును. అతుకవలసినదేదో, మార్చవలసినదేదో తెలియుటయే మరమ్మతు విద్యలో సగము.

ఎత్తు పెరిగిన కొలది మఱియొక చిక్కు వచ్చును. సందక్‌ఫూమీద గాలి యొత్తిడి సముద్రతీరమున నున్నదానిలో మూడింట రెండువంతులకు కొంచెము తక్కువ. అచట నీరు సుమారు 88 డిగ్రీల వేడికే మరగును. అందుచేతనే కొండమీద పప్పు ఎంతసేపటికిని ఉడకదు. రేడియేటరులోని నీటికిని ఇదే ధర్మము. మూత బిగువుగా నున్నంతవఱకు లోపలి నీరు ఒత్తిడికి లోబడి త్వరగా మరగదు. మన ప్రెషరు కుక్కరులో జరుగునదియు నిదియే. మూతలోని రబ్బరు వాషరు చెడినచో నీరు పొంగిపోయి ఇంజను ఎండును. వేడిగానున్న మూతను తీసినవారి చేతులు కాలుట కూడ కుక్కరు విషయమున వలెనే. చలికాలపు రాత్రులందు ఆ నీరే గడ్డకట్టి, ఉబ్బి, ఇనుప ఇంజనునైనను పగులగొట్టగలదు. కావున గడ్డకట్టనీయని ద్రవము కలుపుదురు. లేదా రాత్రి నీటిని పూర్తిగా తీసివేయుదురు.

అన్నిటికన్న ముఖ్యమైనది బ్రేకు. బండి యెక్కలేకపోయిన యెడల నిలిచిపోవును. దిగునపుడు నిలువలేకపోయిన యెడల అందున్నవారి ప్రాణములకే ముప్పు. ఈ పాతబండ్లలో నాలుగు చక్రముల బ్రేకులకును నూనె నడచు మార్గము ఒక్కటే. ఎక్కడ చిల్లిపడినను పెడలు నేలకు అంటును. అదియు గాక బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము కలది. తేమ చేరిన నూనె తక్కువ వేడికే మరగును. దిగుడులో ఎడతెగక పెడలు త్రొక్కినచో డ్రమ్ములు కాలి, నూనె మరగి, ఆవిరి బుడగలు పుట్టి, పెడలు మెత్తబడును. కావున ఆ నూనె చూపునకు బాగుగానే యున్నను గడువు ప్రకారము మార్చవలెను. కొండడ్రైవర్ల ధర్మము, ఏ గేరులో ఎక్కితివో ఆ గేరులోనే దిగుము అని. తక్కువ గేరులో ఇంజనే బండిని పట్టి యుంచును. బ్రేకు అవసరమునకు మిగిలియుండును. దిగునపుడు బండి మెల్లగా, గట్టిగా మూల్గుచు పోవుచున్నచో ప్రయాణికులు విసుగుకొనరాదు. ఆ మూల్గుడే వారికి రక్ష.

బండిని మెఱుగుపఱచుటలోను ఈ వివేకము కావలెను. మొదటి పెట్రోలు ఇంజనులు అరిగిపోయి, వాని భాగములు దొరకనందున, చాల బండ్లకు మన దేశపు మహీంద్రా డీజిలు ఇంజనులను అమర్చినారు. ఇది ఇంజనును తీసి ఇంజనును పెట్టినంత సులభమైన పని కాదు. దానిని నిలుపు ఆధారములు వేఱుగా చేయింపవలెను. పాత గేరుపెట్టెతో కలియుటకు నడుమ పలక నొకదానిని కొలతప్రకారము కోయింపవలెను. బరువు పెరిగినచో ముందరి కమానులను బలపఱుపవలెను. ఇంజను బలము పెంచి బ్రేకులను విడిచిపెట్టుట, కుండను మార్చక పొయ్యి మంటను హెచ్చించుట వంటిది. వెనుక బల్లలు వేసి మనుష్యులను, పైన చట్రము కట్టి సామానును ఎక్కించుటయు మెఱుగే యని కొందఱు తలంతురు. పైన బరువు హెచ్చిన కొలది మలుపులో బండి ఒరగుటకు సిద్ధముగా నుండునని అనుభవజ్ఞు లెఱుగుదురు.

మేమెక్కిన బండి యజమాని యింట, వంటసాల వెనుక గోడకు పాత కమానుపట్టీలు, గొలుసులు, గొట్టములు వరుసగా వ్రేలాడుచుండెను. పదేండ్ల బాలుడు అడిగిన పానాను అంకెతో సహా గుర్తించి తండ్రి చేతికి అందించుచుండెను. ఇల్లాలి చేతిలో లెక్కల పుస్తక ముండెను. ప్రతి ప్రయాణపు రాబడిలో డీజిలు పోగా మిగిలినదానినుండి కొంత టైర్లకును కమానులకును వేఱుగా తీసిపెట్టుదుమనియు, దసైఁ పండుగకు బట్టలు కొనుట దాని తరువాతనే యనియు ఆమె చెప్పినది. మనము దసరాకు ఆయుధపూజ చేయునట్లే అచట సెప్టెంబరు నెలలో విశ్వకర్మపూజ చేసి బండ్లకు పూలు కట్టుదురు. అయితే కడిగి, గ్రీజు పెట్టి, మరలు బిగించిన పిమ్మటనే బొట్టు పెట్టుట ఆ యింటి ఆచారము.

ఈ విద్య యెంతకాలము నిలుచునో చెప్పుట కష్టము. దారి బాగుపడిన కొలది కొత్త బండ్లు వచ్చుచున్నవి. అవి వేగముగా పోవును, కుదుపు తక్కువ. పైపల్లెలలోని రోగికిని, బడిపిల్లలకును మంచిదారి మేలే కదా! యాత్రికులు మాత్రము పాతబండి కోరి యెక్కుచున్నారు గనుక వాని బ్రతుకు కొంత సాగుచున్నది. సందక్‌ఫూమీద నిలిచి తెల్లవాఱుజామున కాంచనజంగను, దూరమున ఎవరెస్టును, లోత్సేను, మకాలూను ఒక్కచూపున చూచు భాగ్యము చాలమందికి ఆ ముంగిటి సేవవలననే కలిగినది. బండి పోయినచో మఱియొక బండి వచ్చును. చేతిపని తెలిసినవారు పోయినచో వారి స్థానము నిండుట సులభము కాదు.

సోదరీమణులారా! మన విశాఖ మన్యమునందును బొఱ్ఱా గుహల చెంతనుండి కటికి జలపాతమునకు ఇట్టి రాతిదారిలోనే జీపులమీద పోవుచుందురు. పిల్లలను ఎక్కించుటకు ముందు ఒక్క నిమిషము నిలిచి చూడుడు. టైర్లకు గాట్లు మిగిలియున్నవా? చక్రము లోపల నూనె తడి యున్నదా? బండి నేలమీద ఒకప్రక్కకు ఒరిగి యున్నదా? పైన బరువు మితిమీరినదా? ఈ ప్రశ్నలకు డ్రైవరు సంతోషముగా జవాబు చెప్పినచో నిర్భయముగా ఎక్కుడు. కసురుకొన్నచో మఱియొక బండి చూచుకొనుడు. ఇంటిలోని కుట్టుయంత్రమునకు నెలకొకమారు రెండుచుక్కల నూనె వేయు చేతికి ఈ విషయము క్రొత్తది కాదు. చెడకముందు చూచుకొనుటయే రక్షణమని గృహిణికంటె బాగుగా నెఱిగినవా రెవరు?