చీమకి కులం ఉందా అక్కా? (మా లంక సంగతులు – 14)



పోయిన వారం రాజమండ్రిలో డిగ్రీ చదువుతున్న ఒక తమ్ముడు రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. "అక్కా, పడుకున్నావా?" అన్నాడు. లేదురా, చెప్పు అన్నాను. "ఇవాళ జువాలజీ క్లాసులో చీమల పాఠం అయ్యిందక్కా. చీమల్లో కూడా క్యాస్ట్స్ ఉంటాయని సారు బోర్డు మీద రాశారు. వెనక బెంచీలోంచి ఒకడు, 'చీమలకే పెట్టిన దేవుడు మనుషులకి పెట్టడా' అన్నాడు. క్లాసంతా నవ్వింది. సారు కూడా నవ్వారు. నాకేం చెప్పాలో తెలీలేదు."

ఇరవై ఎనిమిదేళ్ళ కిందట నేనూ అదే పాఠం దగ్గర అలాగే తల దించుకుని కూర్చున్నాను. కాలేజీ వేరు, సారు వేరు, నవ్వు మాత్రం అదే. వాడికి ఫోన్లో పది నిమిషాలు చెప్పాను గానీ సరిపోలేదు. అందుకే ఈ వారం రాద్దామనుకున్నది పక్కన పెట్టి చీమల దగ్గరికి వచ్చాను.

చీమల గురించి మాట్లాడే హక్కు నాకు డిగ్రీ కంటే ముందు మా నాన్న వల్ల వచ్చింది. ఆయన కోనసీమలో కొబ్బరి దింపు కార్మికుడు. చెట్టెక్కి గెల కోస్తే చెట్టుకింతని కూలి. కొబ్బరి మధ్యలో మామిడి కూడా ఉన్న తోటయితే ఆ రోజు నాన్న ఒళ్ళంతా ఎర్రగా దద్దుర్లతో దిగేవాడు. మామిడాకులు దగ్గరికి లాగి కుట్టుకుని గూడు కట్టే ఎర్ర చీమలు తెలుసు కదా, అవే. అవి తేలులా కుట్టవు. కొరికి, ఆ గాటులోకి పొట్ట చివర నుంచి ఆమ్లం చిమ్ముతాయి. అమ్మ సున్నం రాసేది. కామందు కింద నిలబడి "ఇంకో రెండు చెట్లే కదరా" అనేవాడు.

ఆ గూడు ఎలా కడతాయో చూశారా? ఒక ఆకు అంచుని కాళ్ళతో పట్టుకుని పక్క ఆకుని నోటితో లాగుతాయి. దూరం ఎక్కువైతే ఒకదాని నడుం ఒకటి పట్టుకుని గొలుసు కడతాయి. దగ్గరికి వచ్చాక కుట్టడానికి దారం కావాలి. పెద్ద చీమ దగ్గర దారం ఉండదు, అది పిల్ల పురుగు దగ్గర ఉంటుంది. దాన్ని నోట్లో పట్టుకుని ఈ ఆకుకీ ఆ ఆకుకీ తాకిస్తూ తిప్పుతాయి, మగ్గంలో నాడె తిప్పినట్టు. పిల్లలు తమ పట్టుని తమ కోసం కాకుండా ఇల్లంతటికీ ఇచ్చేస్తాయి. ఇదంతా చిన్నప్పుడు నాన్న కాళ్ళ దగ్గర కూర్చుని చూశాను, పుస్తకంలో చాలా ఏళ్ళ తర్వాత చదివాను.

ఇప్పుడు పాఠం సంగతి. పోర్చుగీసు వాళ్ళు ఈ దేశానికి వచ్చి ఇక్కడి మనుషుల్ని చూసి 'కాస్టా' అన్నారు. ఇంగ్లీషులో అది 'క్యాస్ట్' అయ్యింది. తర్వాత యూరప్ పండితులు ఆ మాట తీసుకెళ్ళి చీమల మీద పెట్టారు. అంటే ఆ మాట మన దగ్గర నుంచి చీమలకి పోయింది. ఇప్పుడు చీమల దగ్గర నుంచి మనకి సాక్ష్యంగా తిరిగొస్తోంది. మన మీద రాసిన ఫిర్యాదుకి మనల్నే సాక్షి సంతకం పెట్టమన్నట్టు.

అసలు చీమల ఇంట్లో ఏముంటుంది? రాణి, రెక్కలున్న మగ చీమలు, పని చేసే చీమలు. పని చేసేవన్నీ ఆడవే. మగ చీమలు ఇంట్లో ఒక్క పనీ చెయ్యవు. వానలు పడ్డాక ఒక రోజు ఎగిరి, జతకట్టి, చచ్చిపోతాయి. (మా ఊరి కిళ్ళీ బడ్డీ దగ్గర కూర్చునే అన్నయ్యలు ఈ వాక్యానికి ఏమీ అనుకోవద్దు.) జతకట్టిన రాణి నేల మీదకి దిగి తన రెక్కలు తనే రాల్చుకుని బొరియ తవ్వుకుంటుంది. ఇక పనికిరాని ఆ రెక్కల కండరాలు కరిగించుకునే తొలి కాన్పు పిల్లల్ని పెంచుతుంది. ఆ ఒక్క రోజు దాచుకున్న వీర్యంతోనే జీవితాంతం గుడ్లు పెడుతుంది. వీర్యం కలిసిన గుడ్డు ఆడ చీమ అవుతుంది, కలవనిది మగ చీమ. మగ చీమకి తాత ఉంటాడు గానీ తండ్రి ఉండడు.

రాణి అంటాం గానీ ఆవిడ ఎవరికీ ఆజ్ఞలివ్వదు. గుడ్లు పెట్టడమే పని. ఎవరు తిండికి పోవాలి, ఎవరు పిల్లల్ని చూడాలి అని చెప్పేవాళ్ళే లేరు. డెబొరా గోర్డన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త అరిజోనా ఎడారిలో గింజల చీమల్ని దశాబ్దాల పాటు గమనించింది. చీమ దారిలో ఎదురైన చీమని మీసాలతో తాకుతుంది. ఏ పని మీద వెళ్ళినవాళ్ళు ఎంత తరచుగా ఎదురవుతున్నారన్నదాన్ని బట్టి తన పని మార్చుకుంటుంది. చాలా జాతుల్లో వయసుని బట్టి కూడా పని మారుతుంది. చిన్నప్పుడు ఇంట్లో పిల్లల్ని సాకిన చీమే, వయసు మీరాక ప్రమాదమున్న బయటి పనికి వెళ్తుంది.

మా పేట చర్చిలో పాస్టరు గారు సామెతల గ్రంథంలోని చీమ మాట తరచుగా చెప్పేవారు. సోమరీ, చీమని చూసి నేర్చుకో అన్న చోట గొంతు పెంచేవారు. తెల్లారు జామున నాలుగింటికి లేచి ఊడ్పులకి పోయి, పొద్దుగూకాక వచ్చిన ఆడవాళ్ళకి ఆ ప్రసంగం! ఆ తర్వాతి మాట దగ్గర ఆయన ఎప్పుడూ ఆగలేదు. చీమకి పైన విచారణకర్త గానీ అధికారి గానీ లేడని అక్కడే రాసుంది.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకి అసలు జవాబు. చీమల్లో ఎవరు రాణి, ఎవరు పనిమనిషి అన్నది దేన్ని బట్టి? చాలా జాతుల్లో ప్రధానంగా తిండిని బట్టి. ఒకే తల్లి గుడ్లు, ఒకే గూడు. పిల్ల దశలో బాగా మేపిన పురుగు రాణి అవుతుంది, తక్కువ మేపింది పనికత్తె అవుతుంది. కొన్ని జాతుల్లో జన్యువులకీ పాత్ర ఉందని తేలింది, అదీ చెప్పాలి. మొత్తం మీద పని చీమలు రాబోయే రాణికి అక్కచెల్లెళ్ళు. పని చీమకి సాధారణంగా బిడ్డలుండరు, కాబట్టి తన పని తన కూతురికి ఇవ్వలేదు. పుట్టుకతో వచ్చి, తల్లి నుంచి బిడ్డకి దిగి, పెళ్ళితో కాపలా కాసుకునేదాన్ని మనం కులం అంటాం. చీమల ఇంట్లో ఆ మూడింటిలో ఒక్కటీ లేదు. అంబేడ్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో కులం అంటే పనుల్ని పంచుకోవడం మాత్రమే కాదు, పనిచేసేవాళ్ళనే మెట్లమెట్లుగా విడగొట్టడం అని తేల్చి చెప్పారు. సారు ఆ పుస్తకం కూడా చదివి ఉంటే బోర్డు దగ్గర నవ్వేవారు కాదేమో.

ఇక్కడితో ఆపితే మీరు చప్పట్లు కొడతారు. కానీ నాకు నచ్చని సంగతి ఒకటి ఉంది, దాన్ని దాచడం తప్పు. దక్షిణ, మధ్య అమెరికాల్లో ఆకులు కత్తిరించి, వాటి మీద బూజు తోట పెంచుకునే చీమలున్నాయి. తోటలోంచి వచ్చే చెత్తలో రోగం ఉంటుంది. ఆ చెత్త ఎత్తడానికి కొన్ని చీమలు వేరుగా ఉంటాయి. చెత్త గదిలోని చీమ తోటలోకి రాబోతే మిగతావి దాని మీద పడి తరుముతాయి. మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసేశాను. మా అమ్మ గుర్తొచ్చింది.

అమ్మ మోకాళ్ళు పాడయ్యాక ఊడ్పులు మానేసి పంచాయతీ చీపురు పట్టింది. నేను బీఎస్సీ పాసైన నెలలోనే మంచం పట్టింది. కబురు చెబుదామని ఆఫీసుకి వెళ్ళాను. అక్కడున్న పెద్దమనిషి, "అయితే రేపట్నుంచి నువ్వు రా అమ్మాయ్, మీరు కాకపోతే ఇంకెవరు చేస్తారు" అన్నాడు. తిట్టలేదు, వెక్కిరించలేదు, మంచినీళ్ళడిగినంత మామూలుగా అన్నాడు. నా చేతిలో మార్కుల లిస్టు ఉంది.

ఆ చీమల్లో కూడా చెత్త పని ఎక్కువగా ముసలి చీమల వంతు అని తర్వాత తెలిసింది. ఎలాగూ ఎక్కువ కాలం బతకని వాటిని రోగం దగ్గరికి పంపుతాయి. పుట్టగానే ఎవరి నుదుటా రాయవు. అది తెలిసి కొంచెం ఊరట కలిగింది, ఆ ఊరట మీద కోపం కూడా వచ్చింది. ఒకవేళ చీమలు పుట్టుకతోనే రాసి ఉంటే? అప్పుడు మా అమ్మ చీపురు న్యాయమైపోతుందా? చీమలు తమ పిల్లల్ని తినేస్తాయి కూడా, దాన్ని ఎవరూ మనకి ఆదర్శంగా చెప్పరు. తమకి పనికొచ్చిన చీమనే చూపిస్తారు.

నేను చూపించే చీమ వేరే ఉంది. ఈశాన్య అమెరికా అడవుల్లో ఒక జాతి చీమ పక్క జాతి గూటి మీద దాడి చేసి, పిల్లల్ని ఎత్తుకొచ్చి పనికి పెట్టుకుంటుంది. అక్కడ కళ్ళు తెరిచిన పిల్లలకి ఆ గూటి వాసనే తమ ఇంటి వాసన. దొంగల పిల్లల్ని తమ తోబుట్టువులనుకునే సాకుతాయి. 2009లో సుసాన్నే ఫోయిట్జిక్ అనే జర్మన్ శాస్త్రవేత్త, ఆమె సహచరులు ఒక విషయం బయటపెట్టారు. ఎత్తుకొచ్చిన చీమలు యజమాని పిల్లల్ని పురుగు దశ వరకూ బాగానే పెంచుతాయి. అవి గూడు దశకి వచ్చాక మాత్రం చాలావాటిని చీల్చి చంపేస్తాయి. దానివల్ల ఆ చీమలకి విడుదల రాదు, ఇరుగుపొరుగు గూళ్ళలో ఉన్న వాటి బంధువుల మీద దాడులు తగ్గుతాయి. జోన్ హెర్బర్స్ అనే మరో శాస్త్రవేత్త అసలు చీమలకి 'బానిస' మాటే వాడొద్దని వాదించింది. నాకు ఆమె మాటే సబబు అనిపిస్తుంది. అయినా ఆ చీమల కథ చదివిన రాత్రి నిద్ర పట్టలేదు.

మన మీటింగుల్లో సుమతీ శతకం పద్యం చెప్పని వక్త ఉండడు, బలమైన పాము చలిచీమల చేతిలో చచ్చిందని. నిజమే. కానీ చీమకి అతి పెద్ద శత్రువు పాము కాదు, ఇంకో చీమే. మామిడి తోటలో ఎర్ర చీమల రెండు కుటుంబాల మధ్య చెట్టు సరిహద్దు దగ్గర రోజుల తరబడి యుద్ధం జరుగుతుంది. ఒకే రూపు, ఒకే రంగు, వాసన ఒక్కటే తేడా. కింద శవాలు రాలుతుంటే కామందు కాయలు కోసుకుపోతాడు. మాల మాదిగల గురించి అంటున్నావా అక్కా అని అడుగుతారు. అవును. ఆ పంపకంలో న్యాయం ఎటుందో ఇంకో వారం రాస్తాను, తప్పించుకోను.

1986 ఆగస్టు వరదప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పోయిందని పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. నీళ్ళు రాకముందే మా గోడ మీద చీమలు తెల్లటి గింజలు మోస్తూ పైకెక్కాయి. వాటిని మనం గుడ్లంటాం గానీ అవి పిల్లలు. పడవలో పోతుంటే నీటి మీద అరచేయంత ఎర్రటి ముద్ద తేలుతూ వచ్చింది. చీమలన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని, రాణినీ పిల్లల్నీ తమలో కలుపుకుని పోతున్నాయి. నాన్న గెడతో పక్కకి నెట్టబోతే గెడ మీదకి ఎక్కేశాయి. బడిలో పెట్టిన కేంద్రంలో మా పేటకి వరండా ఇచ్చారు, గదులు వేరేవాళ్ళకి. 2022 జులై వరదకి మళ్ళీ అదే లంకకి బియ్యం మూటలతో వెళ్ళాను. జిల్లాకి అంబేడ్కర్ పేరొద్దని అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టి అప్పటికి రెండు నెలలు కాలేదు. ఈసారి గదులు ఇచ్చారు. పేట వాళ్ళ గదులు మాత్రం ఒక వైపుకే ఉన్నాయి.

నిన్న తమ్ముడు మళ్ళీ ఫోన్ చేశాడు. రికార్డు బుక్కులో చీమల బొమ్మలు గీశాడట. రాణి, మగ చీమ, శ్రామిక చీమ అని పేర్లు పెట్టి, పైన 'చీమల్లో కులాలు' అని ఉండాల్సిన చోట 'చీమల్లో రూపాలు' అని రాశాడట. సారు ఆ మాట చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. సోమవారం వచ్చి మాట్లాడమన్నారట.