పాత బండి పద్దు

మారుతి 800 తయారీ 2014 జనవరిలోనే ఆగిపోయింది. మా ఇంటిముందున్నది మాత్రం రోజూ ఆఫీసుకెళ్లి వస్తూనే ఉంది. “ఇంకా ఎన్నాళ్లు లాక్కొస్తావు బావా?” అంటాడు మా బామ్మర్ది. వాడి కొత్త కారు వాయిదా ఎంతో వాడు చెప్పడు, నేనడగను.

796 సీసీ, మూడే సిలిండర్లు. బానెట్ ఎత్తితే చెయ్యి దూరేంత చోటుంటుంది. డబ్బులు చూసుకుని ఖర్చుపెట్టేవాడికి అది పెద్ద వరం, విప్పి బిగించే కూలి తక్కువ. విజయవాడ ఆటోనగర్‌లో పాత బండ్లు విప్పి అమ్మే కొట్లున్నాయి. డోర్ హ్యాండిలో, అద్దమో అయితే అక్కడిది చాలు. బ్రేకు లైనింగులు, టైమింగ్ బెల్టు, టైర్లు మాత్రం కొత్తవే వేయిస్తాను. వాటి దగ్గర బేరం లేదు.

అసలు భయం ఎండాకాలంతోనే. రేడియేటర్లో కుళాయి నీళ్లు పోసి నడిపేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. లోపల తుప్పుపట్టి, పొలుసు పేరుకుని దారులు మూసుకుపోతాయి. ఇంజిను కాగి హెడ్ గాస్కెట్ పోతుంది. కూలెంట్ డబ్బా దగ్గర కక్కుర్తిపడితే వదిలేది వేలల్లో! ఇప్పుడు పెట్రోల్లో ఇథనాల్ 20 శాతం దాకా కలుస్తోంది. పాతకాలం రబ్బరు గొట్టాలకు అది పడకపోవచ్చు. అందుకే వాటిని అప్పుడప్పుడూ తడిమి చూస్తుంటాను.

15 ఏళ్లు దాటాక రిజిస్ట్రేషన్ 5 ఏళ్లకోసారి పొడిగించుకోవాలి. ఆ ఖర్చుకు వేరే డబ్బా పెట్టాను, మా ఆవిడకు తెలిసే.

ఈ నెలకు సైలెన్సర్‌కు వెల్డింగ్‌తో సరి. క్లచ్ ప్లేటు సంగతి దసరా బోనస్ వచ్చాక చూడాలి.