కూచిపూడిలో శిష్యురాండ్ర వీడ్కోలు

కృష్ణామండలమున పామఱ్ఱునుండి చల్లపల్లికి పోవు త్రోవలో కూచిపూడి యను గ్రామము గలదు. విజయవాడలో బస్సెక్కినవారికి ఉయ్యూరు ప్రాంతమునుండి చెఱుకుతోటలును, వరిచేలును, కాలువలును కన్నులపండువు సేయును. క్షేత్రయ్య పదములకు మువ్వగోపాలుని ముద్ర నొసగిన మొవ్వ గ్రామము ఈ యూరికి సమీపముననే యున్నది. చూడ చిన్నయూరే గాని దీని పేరు ఖండాంతరములకు ప్రాకినది.

సోదరీమణులారా! ఇచ్చట రామలింగేశ్వరస్వామియు బాలాత్రిపురసుందరీదేవియు వెలసియున్నారు. సిద్ధేంద్రయోగి భామాకలాపమును రచించి ఇచ్చటి బ్రాహ్మణ బాలురకు నేర్పెననియు, ఆ యిండ్లలో పుట్టిన ప్రతి పురుషుడును జన్మమున నొకమారైనను సత్యభామ వేషము కట్టవలయునని కట్టడి చేసెననియు పెద్దలు చెప్పుదురు. గోలకొండ ప్రభువగు తానీషా వీరి యాటకు మెచ్చి యూరిని అగ్రహారముగా నొసగెనందురు.

తెరమీదుగా తన జడను వ్రేలవైచి, తన్ను గెలువగలవా రెవ్వరని సభను సవాలుచేయుచు వచ్చునది సత్యభామ. అట్టి యభిమానవతిని తరతరములుగా అభినయించినవారు పురుషులే. 1935లో జన్మించి 2012లో కీర్తిశేషులైన వేదాంతం సత్యనారాయణశర్మగారు ఆ వేషమునకు దేశమంతట పేరొందిరి. స్త్రీహృదయము నింతగా శోధించిన విద్య చిరకాలము స్త్రీలకు మాత్రము అందలేదు. ఇరువదవ శతాబ్దమున వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారి వంటి గురువులు బాలికలకు నేర్పుటకు పూనిరి. మదనపల్లెలో 1940లో జన్మించిన యామినీ కృష్ణమూర్తిగారు ఈ విద్య నేర్చి దేశదేశముల కీర్తి గొనిరి. ఈ యూరివారే యగు వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసున కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించి ఎందఱో బాలికలను తీర్చిదిద్దిరి.

నా యాడుబిడ్డ కూతురు ఆ యూర నొక వృద్ధగురువు నొద్ద విద్య ముగించినది. నా భర్త బడిపంతులగుటచే వేసవి సెలవులు కలిసివచ్చి, వీడ్కోలునాటికి మేమును పోయితిమి. శిష్యురాండ్రు అయిదుగురు. ఉదయమున కోవెలకు పోయి అర్చన చేయించిరి. సాయంకాలము గురువుగారి చావడిలో ఒక్కొక్కతె ఒక్కొక్క యంశ మాడినది. మా పిల్ల ఇత్తడిపళ్ళెపు టంచున పాదములు నిలిపి తరంగము నాడుచుండ, ఆయన కఱ్ఱతో తాళము వేయుచు ఆ పాదములనుండి చూపు మరల్పలేదు. పిదప పిల్లలు నూతనవస్త్రములును, ఫలములును, తాంబూలమును సమర్పించి సాగిలపడిరి.

అప్పుడొక బాలిక తల్లి, "గురువుగారూ! వచ్చునెల మా పిల్లకు పెండ్లి. ఇక నీ గజ్జెలతో దానికి పనియేమున్నది? మీ యొద్దనే యుంచుకొనుడు" అనినది. పిల్ల తలవంచుకొనెను. చావడియంతయు నిశ్శబ్దమయ్యెను.

గురువుగారు కొంత తడ వూరకుండి యిట్లనిరి: "అమ్మా! మా నాయనగారు మాకు పాఠము చెప్పుచుండగా మా యమ్మ వంటయింటి తలుపుచాటున నిలిచి వినెడిది. దరువులన్నియు ఆమెకు కంఠస్థములు. నేను తప్పినదినమున, రాత్రి అన్నము వడ్డించుచు, 'నాయనా, అచ్చట తాళము జాఱినది' అని మెల్లగా ననెడిది. ఆమె యొక్కనాడును గజ్జె కట్టలేదు, కట్టుమనినవారును లేరు. ఆమెతో ఎన్ని దరువులు పోయినవో నే నెఱుగను."

పిమ్మట గజ్జెలను పిల్లచేత నుంచి, "ఇల్లు విడిచి వేదికలెక్కుమని నే ననను తల్లీ! నీ వున్నచోట నొక్క పిల్లకైనను మొదటి యడుగులు నేర్పుము. నేర్చినదానిని తలుపుచాటున దాచకుము. నాకీయవలసిన దక్షిణ యదియే" అనిరి. ఆ తల్లి మారుమాటాడలేదు. కొంతసేపటికి కూతుచేతినుండి గజ్జెలు తీసికొని, తన క్రొత్త రవికెగుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకొనినది.

నేను బడి యెక్కక, తండ్రి పాదములకడ భారత భాగవతములు చదివినదానను. ఇరుగుపొరుగు పిల్లలను కూర్చుండబెట్టుకొని సాయంకాలము నాలుగు పద్యములు చెప్పుటచేతనే ఆ చదువు నాలో నిలిచినది. కాన గురువుగారి మాట నా మనస్సున నాటుకొనినది.

కూతునకు సారె పెట్టునపుడు వెండిబంగారములు లెక్కింతుము. దాని చేతనున్న విద్యను లెక్కింపము. కోడలు తెచ్చిన పెట్టెలో గజ్జెలు గాని, వీణతీగెలు గాని, పాతపుస్తకము గాని కనబడినయెడల అత్తలగువారు వానిని అటకమీదికి పంపకుందురుగాక! దినమునకొక గంట తీఱిక, కూర్చుండుట కొక చాప, నేర్చుకొన నిద్దఱు పిల్లలు. కూచిపూడిలో ఆ వృద్ధుడు కోరిన దక్షిణ కింతకంటె నేమియు నక్కఱలేదు.