12' రేకు, ఒక చిన్న గీత

డీబీఎంఎస్ సబ్జెక్టులో ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ అంటే మనకి రెండు మార్కుల ప్రశ్న. "ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌ని అడ్డుకోవడానికి వాడతారు" అని రాస్తే రెండు మార్కులూ పడిపోతాయి. ఆ జవాబు తప్పేం కాదు, కానీ సగమే. అది చదివితే ఈ గొడవంతా ఎక్కడో చీకటి గదిలో హుడీ వేసుకుని కూర్చున్న హ్యాకర్ గురించే అనిపిస్తుంది. మిగతా సగం నాకు తెలిసింది జొన్నాడలో, మా బాబాయ్ కొట్లో.

జొన్నాడ తెలియని వాళ్ళ కోసం: రాజమండ్రి నుంచి రావులపాలెం వైపు హైవే మీద వస్తుంటే, గౌతమి వంతెన ఎక్కే ముందు తగిలే ఊరు. అక్కడ బాబాయ్‌కి ఇనుప సామాన్ల కొట్టు ఉంది. పశువుల పాకలకీ, వంటింటి వసారాలకీ రేకులు కొనడానికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచీ, లంకల నుంచీ వస్తారు. రేకు పొడుగు అడుగుల్లో చెప్తారు. ఎనిమిది, పది, పన్నెండు. కాగితం మీద రాసేటప్పుడు అంకె పక్కన పైన చిన్న గీత పెడితే అడుగులని అర్థం. 12' రేకు. మేస్త్రీలు, వడ్రంగులు, కొట్ల వాళ్ళు అందరూ అలాగే రాస్తారు.

కొట్లో బిల్లులకి ఎవరో చేసిచ్చిన ప్రోగ్రాం ఒకటి ఉంది. అందులో 12' రేకు అని కొడితే ఎర్ర అక్షరాల్లో ఇంగ్లీషులో ఏదో వచ్చి ఆగిపోయేది. చేసిచ్చినాయన్ని అడిగితే "ఆ గుర్తు పెట్టకండి" అన్నాడట. గుమాస్తా సరేనని మానేశాడు. అప్పట్నుంచి బిల్లు మీద "12 రేకు" అని పడేది.

మొన్న సెలవుల్లో నేను అక్కడ ఉండగా లంక రైతు ఒకాయన బిల్లు పట్టుకుని వచ్చారు.

"ఏవండీ, నేను పట్టుకెళ్ళింది ఆరు రేకులు కదండి. పన్నెండు రేకులని వేశారేంటండి?"

"ఆయ్, ఆరేనండి. పన్నెండంటే పొడుగండి. పక్క గడిలో ఆరని ఉంది చూడండి."

ఆయన చూశారు కానీ నమ్మినట్టు లేదు. అది ఖాతా మీద, పంట డబ్బులొచ్చాక ఇస్తానని తీసుకెళ్ళిన సరుకు. అరువు మీద నడిచే చోట బిల్లు మీద అనుమానం వచ్చిందంటే మనిషి మీద వచ్చినట్టే. బాబాయ్ పెన్ను తీసి 12 పక్కన పైన చిన్న గీత పెట్టాడు. ఆయన మొహం తేటపడింది. "ముందే ఇలా రాయొచ్చు కదండి" అని బిల్లు మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు.

ఆ రాత్రి బాబాయ్ "నువ్వు చదివేది ఇదే కదరా, ఓసారి చూడు" అన్నాడు. ప్రోగ్రాం తెరిస్తే లోపల క్వెరీ ఇలా అతికించి ఉంది. ముందు "సెలెక్ట్ ధర ఫ్రమ్ సరుకులు వేర్ పేరు = '" అన్న ముక్క, దాని పక్కన గుమాస్తా కొట్టిన పేరు, చివర ఇంకో కోట్. డేటాబేస్‌కి చేరేసరికి అంతా కలిసి ఒకే వాక్యం:

సెలెక్ట్ ధర ఫ్రమ్ సరుకులు వేర్ పేరు = '12' రేకు'

సింగిల్ కోట్ అంటే డేటాబేస్‌కి తెలిసిన అర్థం ఒక్కటే. పేరు ఇక్కడ మొదలైంది, లేదా ఇక్కడ అయిపోయింది. 12 తర్వాత గీత చూడగానే పేరు అయిపోయిందనుకుంది. ఇక "రేకు" అన్నది దాని దృష్టిలో ఆజ్ఞలో ఒక భాగం. అలాంటి ఆజ్ఞ దానికి తెలీదు. అందుకే ఆ ఎర్ర అక్షరాలు.

మరి అక్కడ దానికి తెలిసిన మాట వస్తే? పేరు గడిలో ' ఆర్ '1'='1 అని ఎస్‌క్యూఎల్ మాటల్లో కొడితే ఎర్రర్ రాదు. ఒకటి ఒకటికి ఎప్పుడూ సమానమే కాబట్టి టేబుల్‌లో ఉన్న వరుసలన్నీ బయటికొస్తాయి. మనం ఇంజెక్షన్ అని చదువుకునేది దాన్నే. గుమాస్తాని ఆపేసిన ఎర్రర్‌కీ, దొంగకి తెరుచుకున్న తలుపుకీ కారణం ఒకటే. ప్రోగ్రామర్ రాసిన మాటలూ, వాడేవాళ్ళు కొట్టిన మాటలూ ఒకే వాక్యంలో కలిసిపోయాయి. ఏది ఎవరిదో డేటాబేస్‌కి తెలిసే దారి లేదు.

దీని గురించి బయటికి మొదట రాసింది 1998 డిసెంబరులో. ఫ్రాక్ అనే హ్యాకర్ల పత్రిక 54వ సంచికలో, రెయిన్ ఫారెస్ట్ పప్పీ అన్న మారుపేరుతో జెఫ్ ఫోరిస్టల్ రాశాడు. పదిహేడేళ్ళ తర్వాత, 2015 అక్టోబరులో, బ్రిటన్‌లో టాక్‌టాక్ అనే టెలికాం కంపెనీ నుంచి ఇదే పద్ధతిలో దాదాపు 1,57,000 మంది కస్టమర్ల వివరాలు పోయాయి. మరుసటి ఏడాది అక్కడి సమాచార కమిషనర్ ఆ కంపెనీకి 4 లక్షల పౌండ్ల జరిమానా వేశారు. 2023లో మూవ్‌ఇట్ అనే ఫైళ్ళు పంపే సాఫ్ట్‌వేర్‌లో కూడా ఇదే కన్నం దొరికింది. అంటే మనం పుట్టకముందే తెలిసిన జబ్బు, మనం ఇంజనీరింగ్‌లో చేరే రోజుల్లో కూడా మనుషుల్ని ముంచుతోంది.

మందు కొత్తదేం కాదు. ప్రామిసరీ నోటు చూసే ఉంటారు. కొట్లో అచ్చు నోట్లు దొరుకుతాయి. "నేను మీవద్ద పుచ్చుకున్న" అన్న మాటలు ముందే అచ్చయి ఉంటాయి. పేరుకీ, మొత్తానికీ ఖాళీలు ఉంటాయి. పేరు ఖాళీలో ఎవరు ఏం రాసినా అది పేరే. అచ్చులో ఉన్న షరతు మారదు. అదే నోటు మొత్తం ఒక లేఖరికి ఫోన్లో చెప్పి రాయించామనుకోండి. అంతా ఒకే గొంతులో వినిపిస్తుంది. పేరు ఎక్కడ ఆగింది, షరతు ఎక్కడ మొదలైంది అన్నది ఆయన ఊహించుకోవాలి. అతికించిన క్వెరీ ఆ ఫోన్లో చెప్పిన నోటు. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ అచ్చు నోటు.

ఎస్‌క్యూలైట్‌లో ఈ పని మూడు అడుగుల్లో కనిపిస్తుంది: ప్రిపేర్, బైండ్, స్టెప్. ముందు "వేర్ పేరు = ?" అన్న వాక్యం ఒక్కటే వెళ్తుంది. డేటాబేస్ దాన్ని చదివి, అర్థం చేసుకుని, ఎలా వెతకాలో నిర్ణయించుకుంటుంది. ఆ తర్వాతే విలువ వచ్చి ఆ ? స్థానంలో కూర్చుంటుంది. అప్పటికి వాక్యం చదవడం అయిపోయింది కాబట్టి విలువలో కోట్ ఉన్నా, ఆర్ ఉన్నా, డ్రాప్ టేబుల్ ఉన్నా అవి ఉత్త అక్షరాలే. పోస్ట్‌గ్రెస్‌లో అయితే పార్స్, బైండ్, ఎగ్జిక్యూట్ అని మూడూ వేరు వేరు సందేశాలుగా వెళ్తాయి. ఒకసారి చదివిన వాక్యాన్ని వంద విలువలతో వంద సార్లు నడపొచ్చు, చదివే పని కూడా కలిసొస్తుంది.

బాబాయ్ ప్రోగ్రాంలో అలా అతికించిన క్వెరీలు తొమ్మిది దొరికాయి. తొమ్మిదింటిలోనూ ? పెట్టి, విలువలు విడిగా పంపించాను. మర్నాడు గుమాస్తా 12' రేకు అని కొట్టి, ఏమవుతుందోనని కీబోర్డు మీంచి చేతులు తీసేసి చూశాడు. ధర వచ్చింది.

ఇక్కడ మనలో చాలామంది అడిగే మాట ఒకటుంది. ఇదంతా ఎందుకు, ప్రమాదకరమైన అక్షరాలు తీసేస్తే సరిపోతుంది కదా? ఆ దారిలో కూడా వెళ్ళి వచ్చారు. పీహెచ్‌పీలో మ్యాజిక్ కోట్స్ అని ఉండేది. వచ్చిన ప్రతి కోట్ ముందూ తనే ఒక బ్యాక్‌స్లాష్ పెట్టేది. దానివల్ల సైట్లలో ఓ'బ్రయన్ లాంటి పేర్లు మధ్యలో స్లాష్‌తో కనపడేవి. 2012లో వచ్చిన 5.4 వెర్షన్‌లో దాన్ని పూర్తిగా తీసేశారు.

మన భాష దగ్గరికి వస్తే ఈ శుభ్రం చేయడం ఇంకా ఘోరం. పైథాన్‌లో రీ మాడ్యూల్‌తో "అక్షరాలూ అంకెలూ కానివన్నీ తీసెయ్" అని ఒక్క లైను రాస్తే శుభ్రమైపోతుందని చాలా ట్యుటోరియల్స్ చెప్తాయి. దానికి "జొన్నాడ" ఇచ్చి చూడండి. "జననడ" వస్తుంది. "పెనికేరు" ఇస్తే "పనకర". "అప్పు" ఇస్తే "అపప". "తెలుగు" ఇస్తే "తలగ". ఎందుకంటే యూనికోడ్ లెక్కలో గుణింతం గుర్తులూ, పొల్లూ "మార్కులు", అక్షరాల కిందికి రావు. ఆ లైను వాటిని చెత్త కింద ఊడ్చేస్తుంది. ఖాతా పుస్తకంలో ఊరి పేరుతో మనిషిని గుర్తుపట్టే కొట్లో ఇది నడిపితే ఎవరి బాకీ ఎవరిదో తేలదు.

దొంగ వస్తాడని వచ్చిన ప్రతి మనిషి పేరూ చెరిపేయడం కాపలా ఎలా అవుతుంది? బైండింగ్‌లో నాకు నచ్చింది ఇదే. అది ఎవర్నీ అనుమానించదు, ఎవరి మాటనీ దిద్దదు. ఇచ్చింది ఇచ్చినట్టు తీసుకుంటుంది. ఆజ్ఞ ఇచ్చే అధికారం మాత్రం ఇవ్వదు.

ఇది అన్నిటికీ మందని అనడం లేదు. ? స్థానంలో విలువలే కూర్చుంటాయి. టేబుల్ పేరు, కాలమ్ పేరు, ఆర్డర్ బై తర్వాత వచ్చేది బైండ్ అవ్వవు. వాటికి మనమే ఒక జాబితా రాసుకుని, అందులో ఉంటేనే ఒప్పుకోవాలి. పరిమాణం గడిలో అంకె వచ్చిందా లేదా అని చూసుకోవడం మన పనే. అదే పేరుని వెబ్ పేజీలో చూపించేటప్పుడు హెచ్‌టీఎంఎల్ కోసం తీసుకునే జాగ్రత్త వేరు. పీహెచ్‌పీ పీడీఓ లాంటి చోట్ల మైఎస్‌క్యూఎల్‌తో పనిచేసేటప్పుడు, మనం మార్చకపోతే లైబ్రరీయే విలువల్ని కోట్ చేసి వాక్యంలో పెట్టి పంపుతుంది. దాన్ని ఎమ్యులేషన్ అంటారు. ఆ సెట్టింగ్ ఒకసారి చూసుకోవాలి.

మన ల్యాబ్‌లో ఇవేవీ ఎందుకు బయటపడవంటే, మన టెస్ట్ డేటా అలాంటిది. ఆలిస్, బాబ్, జాన్, టెస్ట్123. గుణింతాలుండవు, అడుగుల గుర్తులుండవు, ముద్దుపేర్లుండవు. మనం బళ్ళో ఇంగ్లీషులో చదువుకుని, ఇంగ్లీషు పేర్లతో టెస్ట్ చేసి, తెలుగులో బతికే వాళ్ళకి ఇచ్చేస్తాం. అది ఆగిపోతే "ఆ గుర్తు పెట్టకండి" అని వాళ్ళకే చెప్తాం.

వచ్చే వారం సెకండియర్ వాళ్ళకి మినీ ప్రాజెక్ట్ రివ్యూలు. చూపించే ముందు ఒక్క పని చేయండి. పేరు గడిలో మీ ఊరి పేరు తెలుగులో కొట్టి, చివర ఒక ' పెట్టి, సేవ్ చేసి, మళ్ళీ తెరవండి. మీరు కొట్టింది కొట్టినట్టు తిరిగి రావాలి.