హైవే ఎక్కాక కవర్ చేసేద్దాం

"పర్లేదు సార్, హైవే ఎక్కాక కవర్ చేసేద్దాం" అని క్యాబ్ డ్రైవర్లు భరోసా ఇచ్చినప్పుడల్లా నాకు హైస్కూలు ఫిజిక్సు గుర్తొస్తుంది.

120 కిలోమీటర్ల ప్రయాణం అనుకుందాం. గంటకు 60 చొప్పున సగటు రావాలంటే మొత్తం రెండు గంటల్లో చేరాలి. ట్రాఫిక్ వల్ల మొదటి 60 కిలోమీటర్లు 30 వేగంతో నడిచామనుకోండి. ఆ రెండు గంటలూ అక్కడే అయిపోయాయి! మిగతా సగం రాకెట్ ఎక్కి వెళ్లినా ఇక సగటు 60 రాదు. 30కి 90 కలిపి సగం చేస్తే 60 కదా, 90లో కొట్టేస్తే సరిపోతుంది అనిపిస్తుంది. లెక్క వేస్తే వచ్చేది 45. మెల్లగా నడిచిన దారే ఎక్కువ సమయం తినేస్తుంది మరి. అందుకే రెండు వేగాలు కలిపి సగం చేస్తే కుదరదు, మొత్తం దూరాన్ని మొత్తం సమయంతో భాగించాలి. టీకి ఆగిన పావుగంటతో సహా. (టీ మానమని మాత్రం నేననను.)

సికింద్రాబాద్–విశాఖ వందేభారత్‌నే చూడండి. 2023 జనవరిలో మొదలైనప్పుడు దాదాపు 700 కిలోమీటర్లకు ఎనిమిదిన్నర గంటలు. అంటే సగటున గంటకు 82. ట్రయల్ రన్‌లో 180 అందుకున్న రకం రైలే అది. స్టేషన్లలో ఆగడం, మళ్లీ వేగం పుంజుకోవడం, మలుపులు, ట్రాక్ మీద వేగ పరిమితులు... తేడా అంతా అక్కడే పోతుంది. మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో మాత్రం ఇప్పటికీ 180యే తిరుగుతోంది.