నిలిచినప్పుడే వేడెక్కు బండి

అరిజోనాలోని ఫీనిక్సు గ్రీష్మము ఎట్టిదో, రెంటచింతల ఎండలెరిగిన తెలుగువానికి సైతము వివరించి చెప్పవలసియే యుండును. 2023వ సంవత్సరమున జూన్ నెల చివరి దినము మొదలుకొని వరుసగా 31 దినములు ఇచట పగటి గరిష్ఠోష్ణోగ్రత 110 డిగ్రీల ఫారెన్‌హీటుకు, అనగా సెల్సియసులో 43కు తగ్గలేదు. అట్టి ఎండలో, వేగముగా పోవు కారు రేడియేటరును ఎదురుగాలియే చల్లార్చును గాని, ఎఱ్ఱదీపము వద్ద నిలిచిన కారుకు ఆ గాలి నిచ్చునది రేడియేటరు వెనుకనున్న విద్యుత్ ఫ్యాను ఒక్కటే.

ఇచటికి సమీపముననే టెంపీలో చదువుకొనుచున్న ఏలూరి కుర్రవాడొకడు తన పాత కారును తెచ్చి, "అంకుల్, ఫ్రీవే మీద బాగానే ఉంటోంది, సిగ్నల్ దగ్గర ఆగితే సూది పైకి పోతోంది. గ్యారేజీలో రేడియేటర్ మార్చాలన్నారు" అని దిగులుగా చెప్పినాడు. అతని మొదటి వాక్యముననే రోగనిదానము సగము కలదు. ఫ్రీవేపై చల్లబడుచున్నదనగా నీరు ప్రవహించుచున్నది, థర్మోస్టాటు తెరచుకొనుచున్నది, రేడియేటరు పూడిపోలేదు; లోపించినది నిలిచినప్పటి గాలి మాత్రమే. ఇంత స్పష్టమైన సాక్ష్యమును విచారింపక, పార్ట్‌టైము పనితో ఫీజులు కట్టుకొను విద్యార్థిచేత వందల డాలర్లు వ్యయము చేయింపజూచుట నాకు మిక్కిలి బాధ కలిగించినది.

ఎ.సి. వేసినచో సాధారణముగా ఫ్యాను కూడ తిరుగవలెను. అది సులభమైన పరీక్ష. కాని ఈ కారులో ఎ.సి. గ్యాసు ఎన్నడో కారిపోయినది. అందుచేత ఇంజను నడచుచుండగా, చేతులు ఫ్యానుకు దూరముగా నుంచుకొని, ఇంజనునీటి ఉష్ణోగ్రతను కంప్యూటరునకు తెలుపు సెన్సారు ప్లగ్గును ఊడదీసితిమి. వార్త తెగిపోయినప్పుడు ఇంజనును కాపాడుటకై పెక్కు కార్లలో కంప్యూటరు తానే ఫ్యానును తిప్పును. ఇందును అట్లే తిరిగినది! ఫ్యూజు, రిలే, మోటారు, వైర్లు అన్నియు నిర్దోషములని ఆ ఒక్క క్షణమున తేలినది.

ఆ సెన్సారులోనిది వేడి పెరిగిన కొలది విద్యుత్ నిరోధము తగ్గు పదార్థము. మరునాటి ఉదయము చల్లని ఇంజనుపై మల్టీమీటరుతో కొలువగా రెండువేల ఓములకు చేరువలో నుండెను, అది సరియే. ఇంజను బాగుగా కాగి 90 డిగ్రీలు దాటినపుడు రెండు మూడు వందలకు దిగవలసినది, ఎనిమిది వందల వద్దనే నిలిచిపోయినది. నీరు ఇంకను గోరువెచ్చగానే యున్నదని కంప్యూటరు నమ్మినది, సుమారు నూరు డిగ్రీల వద్ద ఇయ్యవలసిన ఆజ్ఞ ఇయ్యలేదు. ఈ కారులో డాష్‌బోర్డు సూదికి వేరొక సెన్సారుండుటచే అది మాత్రము నిజము చెప్పుచుండెను.

ఇంజను పూర్తిగా చల్లారిన పిదపనే మూత తీసి (వేడిమీద తీసినచో ఒత్తిడిలోనున్న నీరు ఒక్కుమ్మడిగా ఆవిరియై ముఖముపైకి చిమ్మును; ఈ మాట అతనిచే మరల చెప్పించుకొంటిని), క్రొత్త సెన్సారు బిగించి, కూలంటు నింపి, లోపలి గాలిబుడగలు పోవువరకు ఓపికతో నిలిచితిమి; సెన్సారు చుట్టు గాలి చేరినచో క్రొత్తది కూడ తప్పే చెప్పును. సూది నడిమికి రాగా ఫ్యాను తనంతట తానే తిరిగి, ఆగి, మరల తిరిగినది. పాత సెన్సారును గ్యారేజీవారికి చూపెదనని అతడనగా, తప్పక చూపుమని చెప్పి, మేము కొలిచిన అంకెలను కాగితముపై వ్రాసి ఇచ్చితిని.